అరటిపండు లేని ఇల్లు

జూన్ 11

మరదలు పిల్లకి,

వదిన దీవెనలు. ఉత్తరం ఇంటికి రాకుండా నువ్వు పనిచేసే మందుల షాపుకి ఎందుకొచ్చిందా అని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి రాస్తే తమ్ముడు నా చేతిరాత గుర్తుపట్టి నీకంటే ముందు తానే విప్పుతాడు. ఇది వాడు చదవాల్సింది కాదు. నువ్వు చదివాక చింపెయ్యి.

ఒక్క ముక్కలో చెప్తాను. మీ ఆయనకి అరటిపండంటే భయం.

నవ్వుకో. అందరూ ముందు నవ్వుతారు. అది అయ్యాక మిగతాది చదువు.

ఇష్టం లేకపోవడం కాదు, ఒంటికి పడకపోవడం కాదు. భయం. పాముని చూస్తే నీకూ నాకూ ఎలా ఉంటుందో అలా. నిజానికి పాము కనబడితే వాడు కాగితం తీసి బొమ్మ గీస్తాడు. డ్రాయింగ్ మాస్టారు కదా, పుర్రెలు గీస్తాడు, మొసలి నోరు గీస్తాడు, పిల్లలకి పళ్ళబుట్ట గీసి చూపించమంటే మాత్రం జామకాయలూ ద్రాక్షగుత్తీ గీసి ఊరుకుంటాడు. అంత ఆరడుగుల మనిషీ, ఎదురుగా ఎవరైనా తొక్క వలిచారంటే చెమటలు పట్టి, పళ్ళు బిగుసుకుపోయి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోతాడు. ఎందుకని అడగకు. కూర్చోవడం వచ్చిన దగ్గర్నుంచీ అంతే. డాక్టర్లకి చూపించాం. ఒకాయన టానిక్కు రాసిచ్చాడు. ఇంకొకాయన భయం పోగొడతానని చేతిలో అరటిపండే పెట్టాడు. ఆ తోపులాటలో పగిలిన ఆయన కళ్ళజోడు మళ్ళీ మేమే కొనిచ్చాం.

అమ్మ పోయేసరికి వాడు నాలుగేళ్ళవాడు, నేను పద్నాలుగేళ్ళదాన్ని. అప్పట్నుంచీ వాడు ఏ గదిలోకి అడుగుపెట్టాలన్నా ముందు నేను వెళ్ళి చూసి వచ్చేదాన్ని. చుట్టాల ఇళ్ళు, పెళ్ళిళ్ళు, రైలు పెట్టెలు, ఆస్పత్రులు, అన్నీ. ఇప్పుడు ఆ పని నీది. ఇంట్లోకి దాన్ని రానివ్వకు. వాడి ముందు పేరు కూడా ఎత్తకు. బజారు నుంచి వచ్చినప్పుడు సంచి గుమ్మంలోనే విప్పి చూసుకో. ఎవరైనా అది తిన్న చేత్తో నీ చెయ్యో తలుపో పట్టుకుంటే నిమ్మచెక్క వేసి రుద్దు, ఆ వాసన ఇంకే సబ్బుకీ లొంగదు. నా లాండ్రీకి వచ్చే బట్టల్లో అరటి మరక కనబడితే పక్క షాపుకి పంపేసేదాన్ని. సాయంత్రం బడి వదిలాక వాడొచ్చి నా పక్కన కూర్చునేవాడు కాబట్టి.

ఇదంతా వాడు నీకు చెప్పడు. వాడికి సిగ్గు. ఇంత లోతుగా నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. సంబంధం ఖాయం చేసేముందు దగ్గు మందు కొనే వంకతో నీ షాపుకి వచ్చాను, గుర్తుందా? నీ మాట, నీ నడక, ముసలాళ్ళకి మందు ఎలా వాడాలో ఓపిగ్గా చెప్పే తీరు, అన్నీ నచ్చాయి. ఇదొక్కటీ అడగలేకపోయాను. ఎలా అడుగుతాం చెప్పు? అందరి ఇళ్ళలో పెళ్ళయ్యాక ఆడపిల్ల వెళ్తుంది. మా ఇంట్లో మగపిల్లాడు నీ ఊరికి బదిలీ చేయించుకుని మరీ వెళ్ళాడు. చూసుకో మరి.

ఇట్లు, వాడి అక్క, నీ వదిన.

&nbsp;

జూన్ 17

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. పని ఒత్తిడిలో కూడా శ్రమ తీసుకుని అంత ఉత్తరం రాసినందుకు సంతోషం. అయితే అందులో నాకు కొత్త సంగతి ఏమీ లేదు. ఆయన నాకు అన్నీ చెప్పారు. ఇక్కడికి వచ్చిన మూడో రోజునే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నేను అడక్కుండానే మొత్తం చెప్పేశారు. కాబట్టి మీరు బెంగ పెట్టుకోకండి.

నిమ్మచెక్క ఉపాయం మాత్రం బాగుంది. వాడుతున్నాను.

ఆయనకి నీలం రంగు బాగా నప్పుతుందని రెండు చొక్కాలు కుట్టించాను. మీరు పంపిన గళ్ళ చొక్కాలు పెట్టె అడుగున భద్రంగా దాచాను. రోజూ భోజనం అయ్యాక అలా వంతెన దాకా నడిచి వస్తున్నాం. మీరు చెప్పినట్టే ఉత్తరం చింపేశాను.

మీ మరదలు.

&nbsp;

జూన్ 24

మరదలికి,

నీ ఉత్తరం అందింది. మూడో రోజునే చెప్పాడన్నమాట. బస్సులో. కిటికీ పక్కన.

మంచిదే. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలు ఉండకూడదు. చదివి చాలా సంతోషించాను. సంతోషించి, ఎవరిదో కొత్త కోటు మీద ఇస్త్రీ పెట్టె అలాగే వదిలేశాను. ఇన్నేళ్ళలో నా చేతి కింద కాలిన మొదటి బట్ట అది.

కడుపులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి రాయడం నాకు చేతకాదు. నాకు కుళ్ళుగా ఉంది. వాడు ఏనాడూ నోరు విప్పి నాతో, అక్కా నాకు ఇదంటే భయం అనలేదు. జ్వరం తగిలినట్టు మొహం పెట్టేవాడు, నేనే గ్రహించేదాన్ని. ఆ మాట వాడి నోటి నుంచి రావాలే గానీ, వినడానికి నేను లేనా? నాతో ఒక్కసారి అనొచ్చుగా. నీలో ఏం చూశాడో నాకు తెలియడం లేదు. నువ్వు మంచిదానివే, నేనే ఏరి తెచ్చాను, అయినా తెలియడం లేదు.

అంత చెప్పినవాడు మేడమీద గదిలో జరిగింది కూడా చెప్పే ఉంటాడు. మా చిన్నప్పుడు అద్దెకున్న ఇంట్లో సంగతి. అది చెప్పకుండా మిగతాది చెప్పలేడు. చెప్పాడా? ఒక్క ముక్క రాయి, నా మనసు కుదుటపడుతుంది.

ఇంకో సంగతి. వాడి కొత్త బడి హెడ్‌మిస్ట్రెస్ గారికి నేనొక ఉత్తరం రాసి పడేశాను, స్టాఫ్ రూములో పళ్ళు పెట్టేటప్పుడు అది లేకుండా చూడమని. వాడు పని చేసిన ప్రతి బడికీ ఇలాగే రాస్తూ వచ్చాను. వాడికి తెలియదు. తన అదృష్టం కొద్దీ మంచి బడులే తగులుతున్నాయి అనుకుంటాడు. నువ్వూ నోరు జారకు.

గళ్ళ చొక్కాలు పెట్టె అడుగున దాస్తే పురుగు పడుతుంది. ఒంటి మీద వేస్తే పడదు.

వదిన.

&nbsp;

జూలై 2

వదినగారికి,

కోటు కాలిన సంగతి చదివి బాధ కలిగింది. మీరు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటే మంచిదేమో.

మేడమీద గది సంగతి చెప్పారు. చెప్తుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. నేనే ఇక చాలు అని చెయ్యి పట్టుకుని ఆపాను. పసివాడు అంత పెద్ద గదిలో ఒంటరిగా... రాయడానికి నాకే మనసొప్పడం లేదు. ఆ ప్రస్తావన మళ్ళీ తేవద్దని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. మీరూ ఇక అడక్కండి.

హెడ్‌మిస్ట్రెస్ గారికి రాసేముందు నన్నొక మాట అడిగి ఉంటే బాగుండేది. ఇక్కడ ఆయనకి నేనున్నాను కదా.

మీ మాట కాదనలేక గళ్ళ చొక్కా ఒకటి తీసి ఇచ్చాను. భుజాల దగ్గర బిగుతయింది. ఇక్కడికి వచ్చాక ఆయన కాస్త ఒళ్ళు చేశారు.

మీ మరదలు.

&nbsp;

జూలై 7

అమ్మాయ్,

మేం అద్దెకున్న ఇంటికి పైన రేకులు. మేడ లేదు. మెట్లు లేవు. గది అసలే లేదు. ఆ మేడ నీ కోసం నేను ప్రత్యేకంగా కట్టించాను.

గొంతు పూడుకుపోయిందా? చెయ్యి పట్టుకుని ఆపావా? మాట కూడా తీసుకున్నాడా? ఎంత చక్కగా అల్లావే తల్లీ, నాకే ఒక్క క్షణం ఆ గది కళ్ళ ముందు కనబడింది.

వాడు నీకేమీ చెప్పలేదు. బస్సు కూడా అబద్ధమే. కిటికీ పక్కన కూర్చుంటే వాడికి కళ్ళు తిరుగుతాయి, చిన్నప్పట్నుంచీ ఆ సీటు నాది. ఆ మాట మొదటే పట్టుకోవాల్సింది. కుళ్ళు కమ్మేసి కళ్ళు కనబడలేదు నాకు.

ఈ ఉత్తరం రాస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇవాళ షాపులో అందరికీ టీ ఇప్పించాను. ఏమిటీ విశేషం అంటే, ఏమీ లేదు తాగండి అన్నాను.

ఇంతకీ వంతెన దాకా నడకలైనా నిజమేనా?

వదిన.

&nbsp;

జూలై 15

వదినా,

'గారు' తీసేశాను. ఇంతలా దొరికిపోయాక ఇంకా మర్యాదలు దేనికి.

మేడ అబద్ధం. బస్సు అబద్ధం. నడకలు నిజం. చొక్కా బిగుతైన మాట నిజమే, కానీ ఆయన ఒళ్ళు చెయ్యలేదు, వేడినీళ్ళలో నానబెట్టి నేనే కుదించాను. లాండ్రీ నడిపేవారు మీరు, అది కనిపెట్టలేకపోయారే అని నాలో నేను నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కౌంటరు దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకి మందులిస్తూ మధ్యమధ్యలో రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

అసలు జరిగింది ఇది. నాకు రాత్రి అన్నం తిన్నాక అరటిపండు తినకపోతే తిన్నట్టే ఉండదు. పుట్టింట్లో అది అలవాటు. కాపురం పెట్టిన రోజునే ఒక అత్తం పళ్ళు తెచ్చి వంటింట్లో మేకుకి వేలాడదీశాను. ఆయన వంటింట్లోకి రావడం మానేశారు. మంచినీళ్ళు కావాలన్నా నన్నే అడిగేవారు. కంచం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయేవారు. నేను పండు తిని పక్కన కూర్చుంటే లేచి కిటికీ దగ్గరికి పోయేవారు. ఒకరోజు చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నారు. వెంటనే సారీ అన్నారు గానీ మొహం తెల్లగా పాలిపోయింది.

నన్నేం అనుకోమంటారు వదినా? నేనంటే అసహ్యం అనుకున్నాను. ఎవరినో మనసులో పెట్టుకుని, అక్క మాట తీసెయ్యలేక నన్ను చేసుకున్నారు అనుకున్నాను. ఇంకా పసుపు తడి ఆరని కాపురం, ఎవరికి చెప్పుకోను? మందు సీసాల మీద దుమ్ము తుడుస్తూ ఏడ్చేదాన్ని. మా షాపు యజమాని నాకు దుమ్ము పడదేమో అని మాస్కు తెచ్చిచ్చాడు.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. మీరు నవ్వుకోమన్నారు. నేను నవ్వలేదు. బతికిపోయాను అనుకున్నాను. ఆ సాయంత్రమే పళ్ళు పక్కింటికి ఇచ్చేసి, మేకు పీకేసి, నిమ్మచెక్కతో చేతులు మండేదాకా రుద్దుకున్నాను. ఆయన బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వంటింటి వైపు చూశారు, నా వైపు చూశారు. నీకెలా తెలిసింది అన్నారు. మీ మనసు ఆమాత్రం కనిపెట్టలేనా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. తనంతట తాను పట్టుకోవడం అదే మొదలు.

ఇప్పుడు చెప్పండి, మీకు నిజం ఎలా రాయను? మీరు రాస్తే తప్ప నా మొగుడు నాకు దొరకలేదంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరినో మనసులో పెట్టుకున్నారని అనుకున్నాను చూశారా, అది తప్పు కాదు. మిమ్మల్నే పెట్టుకున్నారు. ఏ వస్తువు ముట్టుకున్నా, అక్క ఇలా పెట్టేది అంటారు. పక్క దుప్పటి మడత కూడా మీదే.

ఇంకా అయిపోలేదు. మీరు రాసిన ఆ రెండో ఉత్తరం, హెడ్‌మిస్ట్రెస్ గారికి రాసినది. ఆవిడ మంచి మనిషే. ఆ మంచితనంతోనే స్టాఫ్ మీటింగులో లేచి, మన డ్రాయింగ్ మాస్టారికి అరటిపండంటే భయమట, దయచేసి ఎవరూ తీసుకురాకండి అని అందరి ముందూ చెప్పారు. మర్నాడు ఆయన బల్ల సొరుగులో తొక్క ఉంది. పిల్లల పని కాదు వదినా. స్టాఫ్ రూములో, సాటి మాస్టర్లు. ఆయన వట్టి కాళ్ళతో ఇంటికి వచ్చారు. చెప్పులు తేవడానికి నేను బడికి వెళ్తే లోపల ఇంకా నవ్వులు వినబడుతున్నాయి.

ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. కాబట్టి నేనే ఎక్కడో వాగానని ఆయన నమ్మకం. నిన్ను నమ్మాను అన్నారు. ఒక్క ముక్క, గొంతు కూడా పెంచలేదు. కంచం మళ్ళీ ముందుగదిలోకి వెళ్ళింది.

మీ పేరు చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే మీరు నాకు రాసింది కూడా బయటపడుతుంది, నేను కనిపెట్టింది ఏమీ లేదని తేలిపోతుంది. భయమేసింది. అది సగం. మిగతా సగం ఏమిటంటే, మీ మీద నమ్మకం కూడా పోతే ఆయనకి కాలు మోపడానికి చోటుండదు. మిమ్మల్ని చూస్తే ఎంత కుళ్ళుగా ఉన్నా ఆ పని నాకు చేతకాలేదు. మీ పేరు మీరే చెప్పండి. తొందరగా చెప్పండి.

మీ మరదలు.

&nbsp;

జూలై 24

మరదలికి,

నీ ఉత్తరం షాపులో చదివాను. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. సొరుగు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లూ ఆగిపోయాను. ఇన్ని బడులకి రాశాను, ఎక్కడా ఇలా కాలేదు. ఇంతకుముందు వాళ్ళందరూ ఈ ఊరివాళ్ళు, నా దగ్గర బట్టలు వేసేవాళ్ళు, నా మొహం చూసి ఊరుకున్నారు. నేను అది నా ఉత్తరం గొప్పతనం అనుకున్నాను.

వాడికి ఆ రాత్రే రాశాను. రాసింది నేను, నీ పెళ్ళాం కాదు, ఆ అమ్మాయికి పాపం ఏ సంబంధం లేదు అని రాశాను. ఆ కింద ఇంకో వాక్యం కూడా రాశాను. ఆ పిల్ల నీ మనసు కనిపెట్టింది ఏమీ లేదురా, నేను రాస్తేనే తెలిసింది అని. రాశాక చూడ్డానికి ఎంత బాగుందో. కాసేపు చూసుకున్నాను కూడా. తర్వాత ఆ కాగితం చింపి, ఆ వాక్యం లేకుండా మొదట్నుంచి మళ్ళీ రాశాను. నువ్వే కనిపెట్టావని అనుకోనీ. నీ చెయ్యి పట్టుకున్నాడు కదా, అది నా వల్ల వదిలెయ్యకూడదు. దీనికి నువ్వు నాకు కృతజ్ఞతలు చెప్పావంటే ఊరుకోను.

నిన్న వాడి జవాబు వచ్చింది. ఇంత చిన్న కాగితం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'అక్కా, నా మేలు కోరే చేశావని తెలుసు. ఇకమీదట నా గురించి ఎవరికీ రాయకు. ఏదైనా అవసరమైతే నా భార్యకి చెప్పుకుంటాను.'

ఉత్తరం చివర ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ గీస్తాడు, పిల్లినో, ఇస్త్రీ పెట్టె పట్టుకున్న నన్నో. ఈసారి బొమ్మ లేదు.

నువ్వు గెలిచావు అమ్మాయ్. మనస్ఫూర్తిగా అంటున్నాను అనుకోకు, అనాలి కాబట్టి అంటున్నాను. అరచేతిలో పెట్టుకుని పెంచినదాన్ని, రెండు నెలలు కాలేదు నువ్వొచ్చి. నాకు ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. నీకు రాయడం తప్ప వేరే దారి లేదు కాబట్టి రాస్తున్నాను, అది ఇంకా మంటగా ఉంది.

వదిన.

&nbsp;

ఆగస్టు 3

వదినా,

మీ ఉత్తరం అందేసరికి ఇంట్లో చాలా జరిగిపోయింది. వరసగా చెప్తాను.

మీరు రాసింది చదివి ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత కంచం తీసుకుని వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా పీట వేసుకున్నారు. నిన్ను అనవసరంగా అన్నాను అన్నారు. ఆ మొహం చూశాక నా వల్ల కాలేదు. నేను కనిపెట్టలేదండీ, వదిన రాస్తేనే తెలిసింది అని చెప్పేశాను. మీరు నా కోసం చింపిన వాక్యాన్ని నేనే నా నోటితో చెప్పేశాను చూడండి. అప్పటికి మీ ఉత్తరం నాకు అందలేదు.

ఆయన నవ్వారు! నాకు మొదట్నుంచీ తెలుసు అన్నారు. నీ చేతులకి నిమ్మచెక్క వాసన వచ్చింది, ఆ ఉపాయం మా అక్కకి తప్ప ఎవరికి తెలుసు అన్నారు. తెలిసే నా చెయ్యి పట్టుకున్నారట. ఇన్నాళ్ళూ నేను ఎంత గొప్పగా తిరిగానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మర్నాడు ఆదివారం. నిజంగానే నడకలో, వంతెన మీద ఆగి, ఆయన నాకు చెప్పారు. అడక్కుండానే. ఎలా ఉంటుందో, ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో, అది కనబడితే తనకి ఏమవుతుందని అనిపిస్తుందో, అంతా. ఏం చెప్పారో మీకు రాయను వదినా. కోప్పడకండి. ఆయన దగ్గర నాకంటూ ఉన్నది ఆ ఒక్కటే. మిగతావన్నీ ముందే మీ దగ్గర ఉన్నాయి.

ఒక్క మాట మాత్రం రాస్తాను, అది మీది కాబట్టి. అక్క నా ముందు నడిచి నడిచి, నేను ఏ గదిలోకీ ముందు వెళ్ళింది లేదు అన్నారు. కోపంగా అనలేదు. బుధవారం స్టాఫ్ రూముకి ఒక్కరే వెళ్ళారు. బల్ల మీద పళ్ళెంలో అవి ఉన్నాయట. లోపలికి వెళ్ళలేదు, పారిపోనూ లేదు. గుమ్మంలోనే నిలబడి టీ తాగి వచ్చారు. చెప్పులతో వచ్చారు. భయం పోలేదు, పోతుందని నేను అనుకోవడం లేదు కూడా.

మీరు గెలుపు మాట రాశారు. ఇది విని చెప్పండి. ఆయన నిద్రలో ఉలిక్కిపడితే ఇప్పటికీ 'అక్కా' అనే లేస్తారు. నేను పక్కనే ఉంటాను, నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. నిన్న కూడా రాలేదు.

సెలవులకి మీరు ఇక్కడికి రండి. ఆయన రమ్మన్నారు. నేనూ రమ్మంటున్నాను, సగం మనసుతో అయినా నిజంగానే అంటున్నాను.

మీ మరదలు.

&nbsp;

ఆగస్టు 14

మరదలికి,

వంతెన మీద వాడు ఏం చెప్పాడో రాయనన్నావు. ఒకటీ రెండూ కాదు, ఆరేడు రకాలుగా ఊహించుకుని చూశాను. ఇంకో మేడ కడితే నీ నోటి నుంచి రాబట్టగలనా అని కూడా ఆలోచించాను. చివరికి మానేశాను. అది నీ దగ్గరే ఉంచుకో. నిద్రలో నన్ను పిలుస్తాడన్నావు. కొన్నాళ్ళకి అదీ మారుతుంది. మారినప్పుడు మాత్రం నాకు రాయకు.

సెలవులకి రాను. అలిగి కాదు. వస్తే మీ గుమ్మంలో ఆగి ముందు నేను లోపలికి దూరతాను. కాళ్ళకి అలా అలవాటైపోయింది. వాడు చూస్తాడు, నువ్వూ చూస్తావు. ఆ కాళ్ళు కాస్త కుదురుకోనీ.

నీకొక సంగతి చెప్తాను. ఇది వాడికి కూడా తెలియదు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది. మార్కెట్టులో పళ్ళ కొట్టు ఆయన. బట్టలు వెయ్యడానికి వచ్చినప్పుడల్లా జేబులు ఖాళీ చేసి, బొత్తాలు సరిచూసి, మడత పెట్టి తెచ్చేవాడు, మాకు పని తగ్గాలని. అలాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మీ తమ్ముణ్ణి కూడా మనతోనే ఉంచుకుందాం అన్నాడు. ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. కొట్టు వెనకే ఇల్లు. కొట్టు నుంచి వంటింటి దాకా వరసగా గెలలు. తిరిగొచ్చి కుదరదని చెప్పాను. ఎందుకని అడిగాడు. తమ్ముడి గుట్టు ఎలా చెప్పను? నాకు ఇష్టం లేదు అన్నాను. పొగరనుకున్నాడు. అనుకోనిచ్చాను.

మొన్న ఆ కొట్టుకి వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య కూర్చుని ఉంది. బొద్దుగా, తీరుబడిగా. లోపల్నుంచి ఆయన ఏదో వెతుకుతూ, ఎక్కడ పెట్టావే అని కేకేశాడు. కళ్ళెదురుగానే ఉంది చూసుకోండి అని విసుక్కుంది. ఎంత హాయిగా విసుక్కుందో! ఆ విసుగు చూసి నాకు కుళ్ళు పుట్టింది. నీ మీద పడ్డ కుళ్ళంతా దీని ముందు ఏ మూలకీ రాదు. అరడజను అరటిపళ్ళు ఇమ్మన్నాను. ఆవిడ నన్ను ఎరగదు. మంచివి ఏరి ఇచ్చింది.

తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను. ఈ ఇంట్లోకి అరటిపండు రావడం ఇదే మొదలు. పెట్టి, గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేచి బయటికి పోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. వాడు సామాను సర్దుకుని బండెక్కిన రోజు కూడా నేను ఏడవలేదు. ఇల్లు ఇల్లులా ఉంచితే ఎప్పటికైనా మళ్ళీ ఇటే బదిలీ అవుతాడని లోలోపల ఎక్కడో ఆశ ఉండేది.

ఏడుపయ్యాక ఒకటి వలుచుకుని తిన్నాను. బాగుంది. నిలబడే ఇంకోటి కూడా తిన్నాను.

మీరిద్దరూ ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి, ఇది మీ ఇల్లే. కాకపోతే రెండు రోజులు ముందుగా కబురు పెట్టండి. ఇల్లు కడిగి పెట్టుకోవాలి.

నీ వదిన.